లైటు ఆరు

జూన్ 2

నిన్న మధ్యాహ్నం బండికి మా ఆవిడ వేరే ఊరు వెళ్ళింది. ఆ ఊరి ఆసుపత్రిలో ఆపరేషన్ థియేటర్‌కి నర్సులు తక్కువయ్యారట, ఇక్కణ్ణుంచి ఒకరిని నాలుగు నెలలకి పంపాలట, తనని పంపారు. పైవాళ్ళు పంపితే కాదంటామా. సెప్టెంబరు ఆఖరుకి వచ్చేస్తుంది. గుమ్మంలో చెప్పులేసుకుంటూ "వెళ్ళొస్తాను" అంది. పెట్టె బరువుగా ఉండి నేను సరిగ్గా జవాబు చెప్పలేకపోయాను.

ఈ డైరీ జనవరిలో లెన్సుల కంపెనీవాడు ఇచ్చాడు. ఐదు నెలలు ఖాళీ. రాసేంత విషయం ఎప్పుడూ లేదు, ఇప్పుడూ లేదు. ఇంట్లో మాట్లాడ్డానికి మనిషి లేక రాస్తున్నాను. ఉన్నదే ఇద్దరం, అందులో ఒకరు వెళ్తే మిగిలేది సగం కాదని నిన్న సాయంత్రం తెలిసింది.

రొయ్యల్ని నాకు వదిలి వెళ్ళింది. ముందుగదిలో స్విచ్చిబోర్డు కింద బల్లమీద రెండడుగుల గాజుతొట్టి, అందులో వేలిగోరంత ఎర్ర రొయ్యలు. తినేవి కావు, చూసుకునేవి. మూడేళ్ళుగా తన ప్రాణం వాటిమీదే. నాకు వాటితో మాటామంతీ లేదు, ఎన్నున్నాయో కూడా ఇవాళే లెక్కపెట్టాను. పందొమ్మిది. ఒకదానికి ఒక మీసం విరిగిపోయి ఒకటే మిగిలింది, ఒంటిమీసంగాడని పేరు పెట్టాను.

రెండు రోజులకోసారి చిటికెడు మేత వెయ్యాలి, నీళ్ళు తగ్గితే నింపాలి, ఊరికే కెలక్కూడదు. ఇంతే చెప్పింది. లైటు సంగతి చెప్పలేదు, చెప్పక్కర్లేదు కూడా, తొట్టి మూతమీద చీటీ అంటించి ఉంది. తన రాతే. "లైటు ఆరు." టేపు కిందికి తడి దిగి కుడి కొస కాస్త అలుక్కుపోయింది. ఆరింటికి లైటు వెయ్యమని. పొద్దున్నా సాయంత్రమా అన్నది లేదు. డాక్టరు చెయ్యి చాపితే అడక్కుండా కత్తెర పెట్టే మనిషి, మాటల్లో పొదుపు. పొద్దున్నే అయ్యుంటుంది.

జూన్ 3

పొద్దున ఆరింటికి లైటు వేశాను. బాగుంది.

జూన్ 8

ఆదివారం. ఫోన్ చేసింది. "మీరు తిన్నారా?" అంది.

మా మధ్య మీరు, గారు లేవు. పెళ్ళికి ముందు వాళ్ళ పెద్ద డాక్టరు కళ్ళద్దాలు బాగుచేసి ఇవ్వడానికి వెళ్ళి, ఆసుపత్రి మెట్లమీద తనతో పోట్లాట పెట్టుకున్న రోజే నువ్వంటే నువ్వు అనుకున్నాం, అక్కణ్ణుంచి అదే. మరీ ఒళ్ళుమండితేనే తనకి 'మీరు' వస్తుంది. పక్కన ఎవరో పెద్దవాళ్ళు ఉండి ఉంటారు, వాళ్ళ ముందు మర్యాదకి అంది.

గది ఎలా ఉంది, కిటికీ ఉందా, తోడు ఎవరు, నిద్ర పడుతోందా, డ్యూటీ ఎన్నింటికి దిగుతున్నావు, గొంతు అలా ఉందేం, ఎవరన్నా ఏమన్నా అన్నారా అని అడిగాను. "ఊఁ" అంది. దేనికి ఊఁ అందో తెలియక మళ్ళీ మొదటినుంచి అడిగాను. డ్యూటీకి టైమవుతోందని పెట్టేసింది. ఆదివారం కూడా డ్యూటీ వేస్తారు కాబోలు.

జూన్ 12

రొయ్యలు మొహం చూపించడం లేదు. పొద్దున లైటు వెయ్యడం ఆలస్యం, ఒక్క గంతులో అన్నీ కొయ్యముక్క వెనక. తొట్టి మధ్యలో కొయ్యముక్క పెట్టి దానిమీద తను నాచు పెంచింది. పందొమ్మిదీ దాని చాటునే. నేనేమన్నా వాటిని వేపుకు తింటానా.

లైటు చాలదేమోనని షాపులో నా బల్లదీపం విప్పుకొచ్చి తొట్టి పక్కన బిగించాను. దాని కింద లెన్సుమీద వెంట్రుకంత గీత కూడా దాక్కోలేదు. లెన్సు అంచు అరగదీసి ఫ్రేములో కూర్చోబెట్టడం పాతికేళ్ళుగా నా పని, నా కంటికి తప్పిపోయేది ఉండదని మా ఓనరే అంటాడు. ఇప్పుడు తొట్టిలో ఇసుక రేణువులు కూడా లెక్కపెట్టొచ్చు. రొయ్యలు తప్ప అన్నీ కనిపిస్తున్నాయి. బల్లదీపం ఏదని ఓనరు అడిగితే రిపేరుకిచ్చానని చెప్పాను.

ఇవాళ ఒక పెద్దావిడ కొత్త కళ్ళద్దాలు పెట్టుకుని అద్దంలో చూసుకుంది. చాలాసేపు చూసి, తీసి నా చేతిలో పెట్టి, ఇన్ని ముడతలు తనకి లేవనీ, అవి మా అద్దాల్లోనే ఉన్నాయనీ, పాతవి ఇచ్చెయ్యమనీ అంది. సాయంత్రం దాకా ఈ ముక్క నోట్లో పెట్టుకుని ఇంటికి పరిగెత్తుకొచ్చాను. తలుపు తీశాక గుర్తొచ్చింది. ఇలాంటివి చెప్తే తను అరచెయ్యి నోటికి అడ్డం పెట్టుకుని నవ్వుతుంది. పళ్ళు ఎత్తు అని ఎవరో చిన్నప్పుడు అన్నారట, అప్పట్నుంచీ ఆ చెయ్యి. నాకైతే ఆ పళ్ళు ఎత్తుగా కనబడవు.

జూన్ 17

పడుకునేదాకా లైటు ఉంచుతున్నాను. ఆర్పితే ముందుగది బోసిగా ఉంటోంది.

జూన్ 21

ఒకటి చచ్చిపోయింది. పొద్దున ఇసుకమీద వెల్లకిలా పడి ఉంది. ఎర్రటిది తెల్లగా పాలిపోయింది, కాళ్ళూ మీసాలూ అన్నీ ఉన్నాయి, ప్రాణం లేదు. చెంచాతో తీసి కాగితంలో పెట్టి, వసారాలో పూలకుండీలో గుంట తీసి పూడ్చాను. పూడ్చి అక్కడే కూర్చుండిపోయాను. షాపుకి గంట ఆలస్యం.

తనకి ఎలా చెప్పను. వెళ్ళి మూడు వారాలు కాలేదు, ఇచ్చింది ఒక్క పని, అది కూడా చేతకాలేదు వీడికి అనుకోదూ.

జూన్ 22

చేపలాయన దగ్గరికి వెళ్ళాను. గాజుతొట్లలో పెంచుకునే చేపలు అమ్ముతాడు, తను రొయ్యలు కొన్నది ఆయన దగ్గరే. అన్నీ విని, చచ్చినదాని లోపల కండ ఉందా, ఖాళీగా ఉందా అని అడిగాడు. నేనేం చూశాను. రొయ్య పెరిగినప్పుడల్లా పాత గుల్ల వదిలేసి బయటికొస్తుందట, మెత్తటి ఒంటితో రెండు రోజులు చాటున ఉంటుందట, చచ్చింది కాదు గుల్ల అన్నాడు. అంటే నేను పూడ్చిపెట్టింది దాని చొక్కాని. చేపలాయన నవ్వు ఆపుకోలేక లోపలికి వెళ్ళి నీళ్ళు తాగి వచ్చాడు.

సాయంత్రం తన ఫోన్. చెప్పలేదు. చెప్తే నవ్వేదేమో. "మీరు ఆరోగ్యం చూసుకోండి" అంది. ఆ పక్కన కూర్చునే పెద్దమనుషులు ప్రతి ఆదివారం వస్తారు కాబోలు.

జూలై 4

నీళ్ళు ఆకుపచ్చకి తిరుగుతున్నాయి. అద్దాలకి పాచి. రొయ్యల ఎరుపు దిగిపోయింది, నానబెట్టిన గుడ్డలోంచి రంగు పోయినట్టు. ఒంటిమీసంగాడు కూడా పాలిపోయాడు. కనబడటం లేదని ఇంకా ఎక్కువసేపు లైటు వేస్తున్నాను.

జూలై 11

ఇవి గుల్లలు కావు. రెండు. లోపల కండ ఉంది, చూశాను.

షాపుకి సెలవు చెప్పి, తొట్టి నీళ్ళు సీసాలో పట్టుకుని చేపలాయన దగ్గరికి వెళ్ళాను. సీసా వెలుతురుకి పెట్టి చూశాడు. నీళ్ళ సంగతి ఒక్క ముక్క అడగలేదు.

"లైటు ఎంతసేపు ఉంచుతున్నారు?"

"పొద్దున ఆరు నుంచి పడుకునేదాకా."

"పడుకునేది?"

"పదకొండు."

ఇంకో దీపం కూడా పెట్టానని చెప్పాను. దాచి లాభమేముంది. చేపలాయన సీసా కింద పెట్టాడు.

"సార్, మీకు నిద్రొస్తే ఏం చేస్తారు?"

"ఏం చేస్తానయ్యా, కళ్ళు మూసుకుంటాను."

"వాటికి రెప్పల్లేవండి."

పాతికేళ్ళుగా కళ్ళ వ్యాపారంలో ఉన్నవాణ్ణి, రెప్ప లేని కన్ను ఒకటుంటుందని నాకెప్పుడూ తోచలేదు. గట్టి వెలుతురు పడితే వాటికి దాక్కోవడం తప్ప వేరే దారి లేదట. దాక్కుంటే మేత ఉండదు, బెదిరి బెదిరి రంగు పోతుంది, గుల్ల మార్చుకోలేక చస్తాయి. వెలుతురు ఆ తొట్టిలో నాచుకి కావాలి గానీ రొయ్యలకి కాదు, రోజుకి ఆరు గంటలు చాలు, దీపానికి పల్చటి కాగితం అడ్డం పెట్టండి, టైమరు పెట్టి మధ్యాహ్నం ఒంటిగంట నుంచి ఏడు దాకా వెలిగేలా చెయ్యండి అన్నాడు. నీళ్ళమీద తేలే ఆకులు ఓ గుప్పెడు ఇచ్చాడు, నీడకి.

ఆరు గంటలు. ఆరింటికి కాదు, ఆరు గంటలు. చీటీలో ఉన్నది అదన్నమాట. 'గంటలు' అని ఇంకో ముక్క రాస్తే ఆవిడ సొమ్మేం పోయిందట? దారి పొడుగునా తిట్టుకుంటూ వచ్చాను. తిట్టుకోవడానికి తను దొరికింది, అది కొంచెం బాగుంది.

బల్లదీపం రేపు షాపుకి పట్టుకెళ్తాను.

జూలై 13

ఫోన్లో మొత్తం చెప్పాను. నీళ్ళు, పాచి, రెండు పోవడం. తిడుతుందనుకుంటే తిట్టలేదు. నువ్వు రాసిన చీటీ సరిగ్గా అర్థం కాక ఇదంతా జరిగిందని చెప్పాను.

"ఏ చీటీ?" అంది.

తొట్టిమీద చీటీ, లైటు ఆరు అని, అన్నాను. మళ్ళీ అడిగాను. గుర్తులేదంది. బాగా అలిసిపోతోంది పాపం, రాసింది కూడా గుర్తుండటం లేదు.

జూలై 19

మరదలు వచ్చింది. తన చెల్లెలు. అలమరలోంచి తన సర్టిఫికెట్ల ఫైలు తీసుకెళ్ళింది.

జూలై 20

ఫోన్ మోగింది. తియ్యలేదు.

జూలై 22

మొన్న మరదలు ఫైలు చంకలో పెట్టుకుని నిలబడే మాట్లాడింది. టీ పెడతానంటే వద్దంది. ఆ ఆసుపత్రివాళ్ళు తనని అక్కడే ఉండిపొమ్మంటున్నారట. పర్మనెంటు. సెప్టెంబరు పదిహేనులోగా సంతకం పెట్టాలట. పెడుతుందా అని అడిగాను. ఎక్కడ ఉంటుంది, ఎవరు చెప్పారు, ఎప్పట్నుంచి నడుస్తోంది అని కూడా అడిగాను. మరదలికి కళ్ళు చెమర్చాయి.

"అక్కని ఎవరూ పంపలేదు బావా. తనే అడిగి వెళ్ళింది. మీరిలా వరసపెట్టి అడుగుతారనే."

ఇది నా డైరీ. ఇందులోనూ అబద్ధం రాసుకుంటే ఇంకెక్కడ నిజం రాస్తాను. తను అడిగి వెళ్ళిందని నాకు మే నెలలోనే తెలుసు. దరఖాస్తు నకలు తన బ్యాగులో చూశాను, 'నా కోరికమీద' అని ఉంది. బ్యాగు ఎందుకు చూశానంటే, మొహం అదోలా ఉంది, అడిగితే చెప్పలేదు, చూశాను.

ఇంకొకటి. గుమ్మంలో తను "వెళ్ళొస్తాను" అనలేదు. "వెళ్తున్నాను" అంది. వీధి చివర మందుల షాపుకి వెళ్ళినా వెళ్ళొస్తానని చెప్పే మనిషి. ఇరవై రెండేళ్ళలో ఒక్కసారి కూడా 'వస్తాను' మింగి 'వెళ్తాను' మిగల్చలేదు. ఆ రోజు మింగింది. నాకు స్పష్టంగా వినబడింది. పెట్టె బరువుకి కాదు నేను జవాబు చెప్పలేనిది.

పక్కన పెద్దమనుషులు కూడా ఎవరూ లేరు.

జూలై 31

టైమరు బాగానే పనిచేస్తోంది. ఏడింటికి టక్కుమని ఆరిపోతుంది. నేను ఇల్లు చేరేసరికి తొట్టి చీకటి. నీళ్ళు తేరుకున్నాయి. రొయ్యలు పదిహేడు ఉన్నాయనే అనుకోవాలి, నేను చూడగలిగింది నాలుగు.

ఆగస్టు 9

ఇవాళ పొద్దున అద్దం పాచి గీకుతుంటే మూతమీద చీటీ ఊడి చేతిలోకి వచ్చింది. పారెయ్యబుద్ధి కాలేదు. తన రాత జేబులో ఉంటే బాగుంటుందనిపించి చొక్కా జేబులో పెట్టుకుని షాపుకి వెళ్ళాను.

మధ్యాహ్నం గిరాకీ లేదు. చీటీ తీసి బల్లమీద పెట్టి, ఊరికే, భూతద్దం కింద చూస్తున్నాను. తన 'ల' ఎప్పుడూ పక్కకి ఒరిగి ఉంటుంది. 'ఆ'కి తోక పొడుగు. 'రు' దగ్గరికి వచ్చేసరికి, పక్కన కాస్త కిందుగా, తడికి అలుక్కుపోయిన చోట, పెన్ను నొక్కిన గాడి కనిపించింది. సిరా పోయింది గానీ గాడి పోలేదు. బల్లదీపం పక్కకి వంచి, వెలుతురు తగ్గించి, వాలుగా పడేట్టు పెట్టి చూశాను.

ప ఒత్తు.

ఆరు కాదు. ఆర్పు.

లైటు ఆర్పు.

చీటీ తిప్పాను. వెనకవైపు థియేటర్ డ్యూటీల కాగితం ముక్క, నవంబరు నెలది. అంటే వెళ్ళేముందు రాసింది కాదు. నవంబరులో రాసి అంటించింది. తొట్టిమీద, స్విచ్చిబోర్డు కింద, ట్యూబులైటు వెయ్యడానికి నేను చెయ్యెత్తే చోట, సరిగ్గా నా కళ్ళకి ఎదురుగా. తను వెళ్ళేదాకా ఏడు నెలలు అది అక్కడే ఉంది. నేను చదవలేదు. తను వెళ్ళాక చదివాను, తప్పు చదివాను.

రొయ్యలకి కాదు ఆ చీటీ. నాకు.

పొద్దున్నుంచి థియేటర్లో ఆ పెద్ద దీపం కింద నిలబడి వస్తుంది. ఒకసారి చెప్పింది, ఆ దీపం కింద నీడ పడదట, చెయ్యి అడ్డం పెట్టినా పడదట, అలా తయారుచేస్తారట. ఇంటికి వచ్చాక ముందుగదిలో లైటు లేకుండా, తొట్టి ఎదురుగా కింద కూర్చునేది. అరగంట. ముప్పావుగంట. నేను వచ్చి టప్పున ట్యూబులైటు వేసేవాణ్ణి. చీకట్లో దెయ్యంలా ఏంటి కూర్చోవడం, ఏమైంది, ఎవరేమన్నారు, ఏంటా మొహం, చెప్తే కదా తెలిసేది. "ఏం లేదు, లైటు ఆర్పు" అనేది. ఏం లేకపోతే చీకటెందుకు అనేవాణ్ణి. నోటితో చెప్పి చెప్పి విసిగి, రాసి పెట్టింది. ఎప్పట్నుంచో నోటితో అనడం మానేసిందని కూడా నేను గమనించలేదు.

వెంట్రుకవాసి తేడా నా కంటికి తెలుస్తుందని అందరికీ చెప్పుకుంటాను. ఒక ఒత్తు కనబడలేదు. రెండు కళ్ళద్దాలకి పవరు తప్పుగా బిగించి ఇచ్చాను ఇవాళ. ఓనరు ఇంటికి పొమ్మన్నాడు.

ఆగస్టు 10

ఆదివారం. తను చెయ్యకముందే నేను చేశాను. హలో అన్నాను, హలో అంది. ఆ తర్వాత నేనేమీ అడగలేదు. అడగకుండా ఉండటం ఎంత కష్టమో ఇవాళ తెలిసింది, నాలుక కింద అన్నీ వరసగా నిలబడి ఉన్నాయి. పళ్ళు బిగించి కూర్చున్నాను. అటునుంచి తన గది ఫ్యాను తిరుగుతున్న చప్పుడు. ఒక రెక్క ఎక్కడో తగులుతోంది, టిక్ టిక్‌మంటోంది. ఇన్నాళ్ళూ ఆ గది ఎలా ఉందని అడిగాను, దాని చప్పుడు ఇవాళే విన్నాను.

చాలాసేపయ్యాక, "ఏం, ఇవాళ ప్రశ్నల్లేవా?" అంది.

"లేవు."

మళ్ళీ ఫ్యాను.

"రొయ్యలెలా ఉన్నాయి?"

"కనబడట్లేదు. ఉన్నాయి."

ఫోను పెట్టాక టైము చూశాను. ఇరవై ఆరు నిమిషాలు. ఇంతసేపు ఎప్పుడూ మాట్లాడుకోలేదు. ఒక్కసారి కూడా 'మీరు' అనలేదు. 'నువ్వు' కూడా అనలేదనుకోండి. ఎవరితో అంటున్నానీ 'అనుకోండి', నేనొక్కణ్ణే కదా ఉన్నది.

ఆగస్టు 13

తొట్టి లైటు ఆరాక, ట్యూబులైటు వెయ్యకుండా, తను కూర్చునే చోట కింద కూర్చున్నాను. గోడకి అక్కడ తన వీపు ఆని నున్నగా అయింది, చేత్తో తడిమితే తెలుస్తుంది. మొదటి పది నిమిషాలు ఏమీ కనబడలేదు. పిచ్చివాడిలా ఉన్నానే అనుకున్నాను. వీధిలో దీపం వెలుతురు కిటికీ పరదాలోంచి కొద్దిగా వస్తోంది, అది తప్ప ఏం లేదు. మెల్లిగా కళ్ళు అలవాటు పడ్డాయి.

కొయ్యముక్క వెనకనుంచి ఒకటి వచ్చింది. దాని వెనక ఇంకొకటి. అద్దం దగ్గరికి, నా మొహానికి జానెడు దూరంలోకి. ముందు కాళ్ళతో గబగబా ఇసుక ఏరుకుంటూ, నోట్లో పెట్టుకుంటూ, నేను ఒకణ్ణి ఉన్నానన్న లెక్కే లేదు. పదకొండు లెక్కపెట్టాను. ఒంటిమీసంగాడు అద్దానికి ఆనుకుని ఆగాడు. పొట్ట కింద ఏవో ఆవగింజల్లాంటివి, గుత్తిగా. చిన్న కాళ్ళతో వాటికి విసురుతూనే ఉన్నాడు.

గుడ్లు. మీసం చూసి మగాడనుకున్నాను ఇన్నాళ్ళూ.

ఫోను చేతిలోకి తీసుకున్నాను. బుధవారం, డ్యూటీ నుంచి అప్పుడే వచ్చి ఉంటుంది. ఎక్కడో చీకట్లో కూర్చుని ఉంటుంది. ఫోను పక్కన పెట్టేశాను.

ఆగస్టు 24

నాకు తను కావాలి. ఇంకెన్ని రకాలుగా రాసినా ఇదే. డ్యూటీ నుంచి వచ్చి తాళాలు మేకుకి తగిలించే చప్పుడు కావాలి. చేతులకి ఆ ఆసుపత్రి సబ్బు వాసన కావాలి, ఇరవై రెండేళ్ళూ ఆ వాసన పడదని సణిగాను. నేను నిద్రపోయాననుకుని కాలితో దుప్పటి నా మీదికి తోసేది, అది కావాలి. ఇవన్నీ చీకట్లో జరిగేవే, లైటు వేసి ఎప్పుడూ చూడలేదు, అయినా ఒక్కటీ మర్చిపోలేదు.

ఈ ఆదివారం కూడా అడగలేదు. తనే చెప్పింది, గదికి కిటికీ ఉందట. జూన్‌లో అడిగినదానికి ఆగస్టులో జవాబు.

సంతకం సంగతి తను చెప్పలేదు.

సెప్టెంబరు 7

చీటీ సంగతి ఫోన్లో చెప్పేద్దామనుకున్నాను. చెప్తే, క్షమించావా అని అడుగుతాను. నన్ను నేను ఎరగనా. ఊరుకున్నాను.

పదిహేనుకి ఇంకో ఎనిమిది రోజులు.

సెప్టెంబరు 10

పిల్లలు. కంటిపాప కన్నా చిన్నవి, అచ్చం రొయ్యల్లాగే, గాజులా ఉన్నాయి. నాచులో. తొమ్మిది చూశాను, ఇంకా ఉంటాయి. భూతద్దం తెచ్చుకున్నాను గానీ దీపం పెట్టలేదు.

సెప్టెంబరు 13

ఇంట్లో ఉంది. రేపు రాస్తాను.

సెప్టెంబరు 14

నిన్న షాపు నుంచి వచ్చేసరికి ఏడున్నర. తలుపుకి తాళం లేదు. గుమ్మంలో తన చెప్పులు, ఒకటి బోర్లాపడి. ముందుగదిలో చీకటి. తొట్టి ఎదురుగా కింద, గోడకానుకుని కూర్చుని ఉంది, బ్యాగు పక్కన.

చెయ్యి స్విచ్చిమీదికి వెళ్ళిపోయింది. నేను పంపలేదు, అదే వెళ్ళింది. వేలికి స్విచ్చి తగిలింది కూడా. ఎప్పుడొచ్చావు, చెప్పలేదేం, ఎల్లుండే పదిహేను కదా, సంతకం పెట్టావా, ఇవన్నీ నోటిదాకా వచ్చి ఉన్నాయి. చెయ్యి దించాను. తడుముకుంటూ వెళ్ళి తనకి మూరెడు దూరంలో కూర్చున్నాను. మోకాలు టక్కుమంది. తను నవ్విందనుకుంటాను, చీకట్లో ఖాయంగా చెప్పలేను.

ఎంతసేపో. వీధిలో రెండు బళ్ళు వెళ్ళాయి. తన ఊపిరి వినబడుతోంది, ముక్కు కాస్త దిబ్బడేసినట్టుంది, అదీ అడగలేదు.

"లైటు వెయ్యవేం?" అంది.

"నువ్వే కదా ఆర్పమన్నావు."

"ఎప్పుడు?"

"నవంబరులో."

ఊపిరి ఆగింది. జేబులోంచి చీటీ తీసి ఇచ్చాను, నెల రోజులుగా జేబులోనే ఉంది. ఆ చీకట్లో చదవడానికి కుదరదు, వేళ్ళతో తడిమింది.

"ఇప్పుడా చదివావు?"

"ఒత్తు కనబడలేదు."

అప్పుడు నవ్వింది. ఈసారి ఖాయం. చెయ్యి నోటి దగ్గరికి వెళ్ళిందో లేదో చూడలేకపోయాను. నవ్వు ఎప్పుడు ఏడుపయిందో కూడా తెలియలేదు. ముక్కు చీదుకుంది, అంతే. నేను ఏమైందని అడగలేదు. ఏమైందో నాకు తెలుసు.

కాసేపటికి పిల్లలు బయటికొచ్చాయి. "అదుగో" అంది గుసగుసగా. ఎక్కడ అన్నాను. నా చెయ్యి పట్టుకుని, వేలు అద్దానికి ఆనించి చూపించింది. ఇద్దరం లెక్కపెట్టాం. తనకి ఇరవై రెండు వచ్చాయి, నాకు పద్దెనిమిది. చెయ్యి వదల్లేదు, తనా నేనా అన్నది తెలియదు.

ఆ తర్వాత తనంతట తనే చెప్పింది. నవంబరులో ఒక పేషంటు బల్లమీదే పోయాడట. కుర్రవాడు కాదు, ముసలాయన, అయినా కత్తెర అందించిన చెయ్యి తనదట. ఆ సాయంత్రం ఇంటికి వచ్చి కూర్చుంటే, మాట కూడగట్టుకునేలోపే నేను లైటు వేసి "ఏంటా మొహం" అన్నానట. నాకు గుర్తులేదు. అనే ఉంటాను. చాలా చెప్పింది, గంటసేపు. ఇన్నేళ్ళుగా నేను అడిగినవి అన్నీ అందులో ఉన్నాయి.

పొద్దున నేను టీ పెట్టేసరికి తయారైపోయింది. బ్యాగు జిప్పు సగం తెరిచి ఉంది, సర్టిఫికెట్ల ఫైలు కొస కనిపించింది. చూడలేదు. సరే, కనిపించింది, కానీ తియ్యలేదు. తను కప్పు కడిగి బోర్లించి, తొట్టి దగ్గరికి వెళ్ళి ఒకసారి వంగి చూసి, గుమ్మంలోకి వచ్చింది. ఈసారి పెట్టె లేదు, నా చేతులు ఖాళీగా వేలాడుతున్నాయి. పదిహేను రేపే. నేను తన చెప్పుల వైపు చూస్తూ నిలబడ్డాను.

"నువ్వు వేళకి తిను" అంది. ఒక చెప్పు వేసుకుంది. రెండోది వేసుకుంది.

"వెళ్ళొస్తాను" అంది.

నాకు రెండుసార్లు వినబడింది. ఒకటి నా చెవి ఆశ కావచ్చు. ఒకటి మాత్రం తనదే.